దూడ పుట్టే అధ్యాయం

“ఉండరా, దూడ బయటికొస్తోంది,” అంటూ పెదనాన్న చెయ్యెత్తి నన్ను గుమ్మంలోనే ఆపేశాడు. ఒక పల్లెటూరి పశువుల డాక్టరు రాసుకున్న జ్ఞాపకాలు, వయసులో ఉన్నప్పుడు చదివి చదివి ఆయనకు కంఠతా వచ్చేశాయి. ఇప్పుడు అదే పుస్తకాన్ని ఫోన్‌లో వింటూ, చదివే అతనికంటే ఒక మాట ముందే తను అనేస్తాడు, అతను కాస్త ఆగితే “నసుగుతాడేంటి?” అని విసుక్కుంటాడు. దూడ పుట్టింది. పెదనాన్న తువ్వాలుతో కళ్లొత్తుకున్నాడు. “మూగజీవి బాధ మనసున్నవాడికే తెలుస్తుందిరా.” ఆయన కుర్చీ కిందే ఆయన పెంపుడు కుక్క, ముల్లు దిగి వాచిన కాలు నాక్కుంటూ మూలుగుతోంది. ఆయన సౌండ్ పెంచాడు.

“దీని కాలు చూశావా పెదనాన్నా?”

“పొద్దుట్నుంచీ ఇదే గోల. వెళ్తూ వెళ్తూ దీన్ని డాక్టరుకి చూపించరా. వచ్చేది కుక్క అధ్యాయం, ఇది మూలుగుతుంటే ఒక్క ముక్కా వినబడదు.”