చప్పిడి కూడు

మొన్న మా వీధికి వచ్చే ఆరోగ్య కార్యకర్త పిల్ల నా జబ్బకి పట్టీ చుట్టి, మీట నొక్కి, ఆ పెట్టె వంక కాస్త ఎక్కువసేపే చూసింది. "అమ్మమ్మా, బీపీ ఎక్కువుంది. గుండె కూడా తాళం తప్పి కొట్టుకుంటన్నాది. పెద్దాసుపత్రికి ఎల్లాల. ఈలోగా ఉప్పు తగ్గించెయ్" అంది. మంచి పిల్ల, నా భయం చూసి చెయ్యి నిమిరింది. నేను భయపడింది బీపీకి కాదని దానికేం తెలుసు? కొన్నాళ్లుగా మధ్యాహ్నం పూట తలగడకి చెవి ఆనిస్తే ఎవరో నడుస్తున్నట్టు వినబడుతోంది. ఆ సంగతి చెప్పలేదు. చెబితే చెవుల డాక్టరు దగ్గరికి కూడా తోలుతుంది.

చెవిలో నడక మా ఇంటికి కొత్త కాదు. అరవైల ఆఖర్న, ఆమదాలవలసకి బండి దూరంలో ఉన్న మా అత్తవారి ఊరికి నేను కాపరానికి వచ్చిన కొత్తల్లో మొదటిసారి దాని సంగతి విన్నాను. అప్పటికే మా మావ పోయాడు. నేనాయన్ని చూడనే లేదు. చూసిందల్లా గోడకి తగిలించిన ఆయన పాంకోళ్లని. కుడిదాని మడమ ఒక పక్కకి అరిగిపోయి ఉండేది. వడ్ల బండి చక్రం కాలి మీదుగా పోయిన దగ్గర్నుంచి కుంటేవాడట. మా అత్త గట్టి మనిషి. నోరు పెద్దది, ఉప్పు వేసే చెయ్యి ఇంకా పెద్దది. ఆవకాయకి పట్టేంత ఉప్పు మజ్జిగన్నంలో కలుపుకునేది, పక్కన ఉప్పుచేప లేకపోతే అది ఆవిడకి భోజనమే కాదు. తల్లి లేని నన్ను తిడుతూనే కడుపులో పెట్టుకుంది. నాకప్పుడు నెల తప్పింది. పుట్టింట పురుడు పోసే ఆడదిక్కు లేదు. పోస్తే ఆవిడే పొయ్యాలి.

ఆ ఎండాకాలం ఓ మిట్టమధ్యాహ్నం, ఊరంతా తలుపులు మూసుకుని పడుకున్న వేళ, అత్త చాప మీంచి గభాలున లేచి కూర్చుంది. "ఒసే కోడలా, ఇనబడతన్నాదేటే? మీ మావ నడుస్తన్నాడు" అంది. పరుగున వెళ్లి చూశాను. పెరట్లో ఎండ తప్ప ఏమీ లేదు. ఆనాటి నుంచి రోజూ అదే మాట. తలగడకి చెవి ఆనిస్తే చాలు, పాంకోళ్ల చప్పుడట. వీధి చివరి నుంచి గుమ్మం దాకా వచ్చి ఆగిపోతున్నాడట. నేను వీధి తలుపు గడియ సరిచూసి వచ్చేదాన్ని. ఆవిడ ముఖంలో మాత్రం కొత్త పెళ్లికూతురి కళ.

మిషనాసుపత్రి నర్సమ్మ మా ఊరు రావడం అప్పుడే మొదలైంది. ఆ చుట్టుపక్కల కాస్త వయసు మళ్లినవాళ్లు పక్షవాతం వచ్చో, గుండె పట్టుకునో కూలబడిపోవడం చూసి, ఆసుపత్రివాళ్లూ ఊరి పెద్దలూ ఓ ఒప్పందానికి వచ్చారు. రక్తపోటు చూసే పెట్టె ఆసుపత్రిది, కూర్చునే అరుగు బియ్యం మిల్లుది, జనాన్ని పోగుచేసే పని భజన గుంపు ఆడవాళ్లదీ, చర్చి ఆడవాళ్లదీ. అంతకుముందు ఆ రెండు గుంపులూ కలిసి చేసిన పని నూతి దగ్గర పోట్లాట ఒక్కటే.

నర్సమ్మ అత్త జబ్బకి గుడ్డపట్టీ కట్టి, రబ్బరు బుడ్డి నొక్కి, పాదరసం ఎక్కినచోటు చూసి ముఖం ముడిచింది. పోటు తగ్గకపోతే కాలో చెయ్యో పడిపోవచ్చు, ప్రాణానికే రావచ్చు అని నాతో విడిగా చెప్పింది. అత్త చెవిలో నడక గురించి చెబితే నవ్వలేదు, అది ఆవిడ రక్తం చప్పుడే అంది. గొట్టం నా చెవుల్లో పెట్టి అత్త గుండె వినిపించింది. దబ్, దబ్. తర్వాత ఒకటి ఆలస్యంగా, ఈడ్చినట్టు. మళ్లీ దబ్. "విన్నావా, తాళం తప్పుతోంది" అంది నర్సమ్మ.

అత్త నా కళ్లలోకి చూసి, "తాలమేటి? అది కుడికాలు. మీ మావ కుంటోడు కదే" అంది. మిల్లు మోత మధ్య కూడా ఆ మాట నాకు స్పష్టంగా వినబడింది.

నర్సమ్మ ఇచ్చిన మాత్రలు అత్త కొద్దిరోజులు వేసుకుని మానేసింది. "అవి ఏసుకుంతే మీ మావ దూరమైపోతన్నాడే. ఈది సివరే ఆగిపోతన్నాడు. నానెయ్యను" అంది. కాళ్ల మీద పడ్డాను. నువ్వు కూడా పోతే నాకెవరున్నారత్తా అని ఏడ్చాను. నా తల నిమిరింది గానీ మాట ఇవ్వలేదు.

ఆ తర్వాత ఓ రోజు నర్సమ్మ ఆడవాళ్లందరినీ అరుగు మీద కూర్చోబెట్టి, పోటున్నవాళ్లకి కొన్నాళ్లు చప్పిడి కూడు పెట్టండి అని చెప్పింది. పాపం, ఆవిడది మా ఊరు కాదు. మా ఊళ్లో పోయినవాళ్లకి ఆకులో పెట్టే కూడులో ఉప్పు వెయ్యరు. ఉప్పు తగిలితే వాళ్లు గుమ్మం దాటి లోపలికి రారట. చప్పిడి కూడంటే మాకు అదే. అరుగు ఒక్కసారి గొల్లుమంది. "ఉప్పూ కారం తినే మడుసులమమ్మా! సచ్చినోల కూడు మాకెడతావేటి?" అని భజన గుంపు పెద్దావిడ లేచిపోయింది. ఆవిడ వెనకే చర్చి ఆడవాళ్లూ లేచారు. ఆ ఒక్క విషయంలో అందరిదీ ఒకటే మతం. నర్సమ్మ బిక్కచచ్చిపోయింది.

అత్త మాత్రం కదల్లేదు. "సప్పిడి కూడైతే నాను తింతాను" అంది.

మర్నాడు నాచేత ఎదురెదురుగా రెండు ఆకులు వేయించింది. ఉప్పు లేని అన్నం, ఉప్పు లేని పప్పు. ఎదుటి ఆకుకి దణ్ణం పెట్టి, ఉప్పుచేప లేనిదే ముద్ద దిగని మనిషి, ఒక్క మెతుకు మిగల్చకుండా తింది. అలా కొన్నాళ్లు గడిచాక ఓ మధ్యాహ్నం చాప మీద చెవి ఆనించి చాలాసేపు పడుకుంది. "నడవడం నేదే" అంది. ఇక ఉప్పుకుండ దించమంటుంది, అయిపోయింది అనుకున్నాను. ఆవిడ నవ్వింది. "ఇంకెందుకు నడుస్తాడు? లోపలికొచ్చీసేడు. కూకున్నాడు. ఆ మాత్రలియ్యి, ఇంక ఎలిపోడులే."

ఒకటి తను వేసుకుని, ఇంకొకటి ఎదుటి ఆకులో పెట్టింది. "ముసిలోడు, ఆయనకి మాత్రం పోటుండదేటి?" అంది. నేను ఆకు తీసేసరికి మాత్ర లేదు. ఏ కోడో పొడుచుకుపోయి ఉంటుందన్నాడు మా ఆయన. మా ఇంట్లో కోళ్లు లేవు.

నర్సమ్మ చప్పిడి అన్న మాట మళ్లీ ఎత్తలేదు. ఉప్పు దగ్గర పిసినారితనం చెయ్యండి అనేది. అత్త నిలబడి తిరగడం చూసి ఆడవాళ్లు ఒక్కొక్కరే మళ్లీ అరుగెక్కారు. అత్త నాకు పురుడు పోసింది, మనవల పెళ్లిళ్లూ చూసింది. ఆఖరి రోజుల్లో ఆయాసం వచ్చి, గబగబా నాలుగడుగులు వేసి, గోడ పట్టుకుని ఆగి, ఊపిరి తీసుకుని మళ్లీ గబగబా నడిచేది. నెమ్మదిగా నడు అత్తా అంటే తిట్టేది.

మొన్న ఆ ఆరోగ్య కార్యకర్త పిల్ల వెళ్లాక నేను తలగడకి చెవి ఆనించాను. గబగబా అడుగులు. ఆగాయి. ఎవరో ఊపిరి తీసుకునేంతసేపు ఏమీ లేదు. మళ్లీ గబగబా.

ఆసుపత్రికి వెళ్తాను, మాత్రలూ వేసుకుంటాను. కానీ ఆ మాత్రలు వచ్చే మనిషిని వీధి చివరే ఆపేస్తాయని నాకు తెలుసు కదా. అందుకే ముందు ఉప్పు వెయ్యకుండా వండి, రెండు ఆకులు వేసి, తలుపు తీసి పెట్టాను. "రా అత్తా, కూడు సల్లారిపోతాది" అన్నాను. కాలం పోతే మళ్లీ రాదంటారు. మా గుమ్మం దాకా మాత్రం అది వస్తూనే ఉంది, ఒకప్పుడు కుంటుతూ, ఇప్పుడు ఆయాసపడుతూ.