వెనక్కి నడిచిన కరెంటు

నిన్న మా పాలిటెక్నిక్ ల్యాబులో ఒక విద్యార్థిని బల్ల మీద పవర్ సప్లై మాడ్యూలు మాడిపోయింది. అగ్గిపెట్టెలో పట్టేంత ముక్క అది. సన్నని పొగ లేచి, కాలిన ప్లాస్టిక్కూ ఎండుచేపా కలిసినట్టుండే వాసన గది నిండా పరుచుకుంది. ఆ అమ్మాయి నవ్వుతూ "సారీ మేడమ్" అంది. నేను కిటికీ చువ్వ పట్టుకుని నిలబడిపోయాను. పదకొండేళ్లయినా ఆ వాసన తగిలితే ఒక గనిలో తెరిచిన పెట్టే నా కళ్ల ముందుకొస్తుంది.

నాకు ఈ పని నేర్పినవారు గఫూర్ సార్. కల్లూరులో షేర్ ఆటోలు ఆగేచోట రెండు గదుల వర్క్‌షాపు ఆయనది. నాపరాళ్ల పాలిషింగ్ మిషన్లకూ, గనుల్లో రాళ్లెత్తే వించీలకూ కంట్రోల్ బోర్డులు తయారుచేసేవారు. ఆడపిల్లకు గనుల పనేమిటని నలుగురూ అన్నా, డిప్లొమా పట్టుకుని వెళ్లిన నన్ను ఆయన చేర్చుకున్నారు. మితభాషి. బోర్డు నచ్చకపోతే తిట్టేవారు కాదు, నా ముందు పెట్టి "ఇంగోసారి చూడమ్మా" అనేవారు. ఆ మాటకన్నా తిట్టే నయమనిపించేది.

బేతంచెర్ల దగ్గర ఒక గనికి మేము హెచ్చరిక గంట కట్టాం. డీజిల్ వించి గోతిలోంచి రాయిని పైకెత్తే ముందు దాన్ని నడిపేవాడు బటన్ నొక్కి గంట మోగించాలి, కింద ఉన్నవాళ్లు పక్కకు తప్పుకోవాలి. కరెంటు ఉన్నంతసేపు అలాంటి పవర్ సప్లై మాడ్యూలే బ్యాటరీని ఛార్జి చేస్తూ ఉంటుంది. కరెంటు పోతే బ్యాటరీయే గంటను మోగిస్తుంది. సార్ గీసిచ్చిన బొమ్మలో మాడ్యూలుకూ బ్యాటరీకీ మధ్య ఒక డయోడు ఉంది. కరెంటును ఒకవైపే పోనిచ్చే చిన్న భాగం. దానివల్ల అర వోల్టు తగ్గి బ్యాటరీ పూర్తిగా నిండటం లేదు. మాడ్యూలు మీది స్క్రూ కాస్త తిప్పి ఆ అర వోల్టు పెంచితే సరిపోయేది. నాకది తట్టలేదు. డయోడు పీకేసి ఆ చోట వైరు అతికించాను. బ్యాటరీ చక్కగా నిండింది. నా తెలివికి నేనే మురిసిపోయాను. సార్‌కు చెప్పలేదు.

మూడో వారంలో గని నుంచి ఫోను వచ్చింది. కరెంటు పోయిందట. గంట మోగలేదట. డీజిల్ మోతలో వించి నడిపేవాడికి ఆ సంగతే తెలియలేదట. గొలుసులోంచి రాయి జారి ఎల్లప్ప అనే కూలీ కాలి మీద పడిందట.

మరునాడు పొద్దున్నే వెళ్లి గంట తాలూకు పెట్టె తెరిచాం. మాడ్యూలు బొగ్గయి ఉంది. కరెంటు పోగానే బ్యాటరీలోని కరెంటు వెనక్కి తిరిగి మాడ్యూలులోకి దూరింది. దాన్ని కాల్చి, బ్యాటరీనీ ఖాళీచేసింది. నేను అతికించిన వైరును సార్ వేలితో తాకారు.

"డయోడు యాడమ్మా?"

"నేనే తీసేశాను సార్."

అరుస్తారనుకున్నాను. గని యజమాని వైపు తిరిగి, "తప్పు నాదప్పా. తెరిచి చూడకుండా పంపినా" అన్నారు. గండం గడిచిందనుకున్నాను, సిగ్గు విడిచి చెబుతున్నాను. బయటికి రాగానే ఆయన, "పా, ఆస్పత్రికి పోదాం. ఎల్లప్పకు నువ్వే చెప్పాల" అన్నారు.

"నావల్ల కాదు సార్."

"నాతో కూడా కాదమ్మా. అందుకే ఇద్దరం పోదాం."

కర్నూలు ఆస్పత్రిలో అడుగుపెట్టేదాకా కాలికి దెబ్బ అనే అనుకుంటున్నాను. ఎల్లప్ప మోకాలి కింద దుప్పటి చదునుగా ఉంది. దాన్ని చూశాక ఎక్కడ మొదలుపెట్టానో, ఏ మాటలన్నానో గుర్తులేదు. మంచం పట్టీ పట్టుకుని అంతా చెప్పాను. ఎల్లప్ప భార్య నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఎల్లప్ప మోచేతుల మీద కాస్త పైకి లేచాడు.

"అయితే గంట మోగనే లేదా?" అన్నాడు. "వించి నడిపే ఆయప్ప గంట కొట్టినానని ఒట్టేసి చెప్తాండాడు. నా చెవులే పోయినాయేమో, నేనే ఇనలేదేమోనని నిన్నటినుంచి నన్ను నేనే తిట్టుకుంటాండా పాపా."

తిట్టినా, కొట్టినా తట్టుకునేదాన్నేమో. కాలు పోగొట్టుకున్న మనిషి నా తప్పును కూడా తన మీదే వేసుకుని పడుకున్నాడు. నేను నోరు మూసుకుని ఉంటే బతికినంతకాలం అలాగే మోసేవాడు. ఆ మాట నాకు పిడుగులా తగిలింది. నన్ను క్షమించాడో లేదో ఎల్లప్ప చెప్పలేదు, నేనూ అడగలేదు. గాయం మానాక సార్ అతణ్ని వర్క్‌షాపులో వైరింగు పనికి పెట్టుకున్నారు. నా ఎదురు బల్లే అతనిది.

గనిలో కొత్త పెట్టె బిగించిన రోజు సార్ నన్ను గోతిలోకి దిగమన్నారు.

"యాడ నిలబడాల సార్?"

"ఎల్లప్ప నిలబడిన కాడ."

పైన ఆయన మెయిన్ స్విచ్ లాగి కరెంటు ఆపేసి, గంట బటన్ నొక్కారు. గంట గణగణ మోగింది. గంట గణగణ మోగింది. పక్కకు తప్పుకోవాలని తెలిసి కూడా నా కాళ్లు కదల్లేదు. సారే దిగివచ్చి చెయ్యి పట్టుకుని పక్కకు నడిపించారు.

సార్ పోయి నాలుగేళ్లు. డయోడు ఎటు తిప్పి పెట్టాలో నా విద్యార్థులు పుస్తకం చూసి నేర్చుకుంటారు. నేను ఒక్కటే అడుగుతాను: "కరెంటు పోయినప్పుడు దీన్ని నమ్ముకుని నిలబడేది ఎవరు?" ఎవరో ఒక మనిషిని తలుచుకుని చెప్పేదాకా పెట్టె మూత బిగించనివ్వను.