కప్పు మీది మంచు ఎటు పడాలి

మా మంచుకొండల ఊరు యునోకోషిలో ఇల్లు కొనాలన్నా అమ్మాలన్నా ఫుసాయే అక్క గడప తొక్కాల్సిందే. ఊళ్ళో గాజు తలుపుల రియల్ ఎస్టేట్ ఆఫీసులు ఇప్పుడు నాలుగున్నాయి. వాటిల్లో మెత్తటి సోఫాలు, కాఫీ మిషన్లు, ఇంగ్లీషు చైనీసు గడగడా మాట్లాడే కుర్రకారు ఉన్నారు. అక్క కొట్లో ఒక కిరోసిన్ పొయ్యి, దాని మీద ఎప్పుడూ మరుగుతుండే కెటిల్, మూడు కుర్చీలు. అంతే. అయినా కాస్త తెలిసినవాళ్ళు అక్కడికే వస్తారు. తెలియనివాళ్ళు ముందు గాజు తలుపుల్లోకి వెళ్ళి, మొదటి చలికాలం గడిచాక ఏడుపు మొహంతో అక్క దగ్గరికి వస్తారు.

నా పేరు మోరియో. బస్టాండు వెనక, మంచు మీద జారే స్కీలు నూరి, మైనం పట్టి, అద్దెకిచ్చే కొట్టు నాది. అక్కది పక్క కొట్టే. ముప్ఫై ఏళ్ళుగా పొద్దున పదింటికి ఆవిడ టీ నేను తాగుతున్నాను, నా బుర్ర ఆవిడ తింటోంది. కాబట్టి ఆవిడ గురించి చెప్పే అర్హత నాకుందనే అనుకుంటున్నాను.

అక్క తండ్రి, స్కీ ఆడేవాళ్ళని కుర్చీల్లో కొండ మీదికి చేర్చే లిఫ్టుకి మెకానిక్కు. పద్దెనిమిదో ఏట అక్క లిఫ్టు కింద టికెట్ల గదిలో కూర్చుంది. అప్పట్లో టోక్యో నుంచి రైళ్ళకి రైళ్ళు జనం దిగేవాళ్ళు. కొండవాలు పొడుగునా పద్నాలుగంతస్తుల భవనాలు లేచాయి. ఫ్లాట్లు పునాది తవ్వకముందే అమ్ముడుపోయేవి. తర్వాత ఆ సందడంతా ఒక్కసారిగా చప్పబడింది. కట్టినవాళ్ళు మూటాముల్లె సర్దుకున్నారు. సరిగ్గా అప్పుడే, కొనే నాథుడు ఒక్కడూ లేనప్పుడు, అక్క ఇళ్ళమ్మే లైసెన్సు పరీక్షకి కూర్చుంది. రెండుసార్లు తప్పి మూడోసారి గట్టెక్కింది.

“నీకేమైనా పిచ్చి పట్టిందా అక్కా?” అని అడిగాను.

“బేరం లేనప్పుడే కదరా ఇల్లు నిదానంగా చూడొచ్చు” అంది.

నిజంగానే చూసింది. ప్రతి ఫిబ్రవరిలో, మంచు నడుం దాటి పడ్డాక, గీతలు గీసిన వెదురు కర్ర పట్టుకుని ఊళ్ళో ఇళ్ళ వెనకాల తిరుగుతుంది. ఏ చూరు దాకా మంచు పేరుకుంటుంది, ఏ గోడకి గాలి కొడుతుంది, ఏ పైపు గడ్డకడుతుంది, అన్నీ పుస్తకంలో రాసుకుంటుంది. కొనడానికొచ్చిన వాళ్ళకి ఫొటోల కంటే ముందు ఆ పుస్తకం చూపిస్తుంది. “అక్టోబర్లో ప్రతి ఇల్లూ ముద్దుగానే ఉంటుందమ్మా, ఫిబ్రవరిలో దాని మొహం చూసి కొనుక్కోండి” అని వచ్చినవాళ్ళలో సగంమందిని తనే తరిమేస్తుంది. ఇలాగైతే వ్యాపారం ఎలా సాగుతుందని నేను మొత్తుకుంటాను. సాగుతూనే ఉంది. మధ్యలో పెళ్ళి చేసుకుంది, అది చాలించుకుంది, రెండింటి గురించీ ఒకే గొంతుతో చెబుతుంది. ఇప్పుడు అరవై మూడేళ్ళు. ఊరి వేడినీళ్ళ స్నానశాలలో సాయంత్రం మెడదాకా మునిగి, “అబ్బ, నాకింకేం కావాలి” అని ఆవిడ పైకే అంటుందని మా ఆవిడ చెప్పింది.

అక్కకి ఇంకో పట్టింపు ఉంది. తాళంచెవి చేతిలో పెట్టేముందు, కొన్నవాళ్ళని స్వయంగా వెనకింటికి తీసుకెళ్తుంది. ఎవరైనా కొత్తగా ఇంట్లో దిగితే ఎదురుగా మూడిళ్ళకీ, అటూ ఇటూ చెరో ఇంటికీ మిఠాయి పొట్లాలు పట్టుకెళ్ళి దణ్ణం పెట్టి రావడం మా అందరి ఆనవాయితీ. మైదానపు ఊళ్ళల్లో ఆ ఐదిళ్ళూ చాలు. మా ఊళ్ళో చాలవు. వీధిలో నడిచేవాళ్ళ నెత్తిన పడకూడదని మా కప్పులన్నీ వెనక్కి వాలి ఉంటాయి. కప్పు మీది మంచంతా జారి వెనకింటి వాళ్ళ జాగాలో పడుతుంది. పడనిస్తామని వాళ్ళు ఎప్పుడో నోటిమాటగా ఒప్పుకుని ఉంటారు. అది ఏ దస్తావేజులోనూ ఉండదు.

ఈ శరత్తులో అక్క మోకాలికి ఆపరేషన్ అయింది. జిల్లా ఆస్పత్రిలో మూడు వారాలు పడుకుంది. సరిగ్గా ఆ మూడు వారాల్లోనే స్కీలకొచ్చేవాళ్ళు దిగే హరగుచి గారి పాత బస చేతులు మారింది. హరగుచి గారు వసంతంలో పోయారు, ఆయన చెల్లెలు దాన్ని ఫుసాయే అక్క చేతే అమ్మించింది. కొన్నది ఒసాకా నుంచి వచ్చిన ర్యోహే, చిసా అనే మొగుడూపెళ్ళాలు. ముప్ఫై దాటాయో లేదో, ఇద్దరూ ఉద్యోగాలు మానేసి, ఉన్నదంతా ఊడ్చి పెట్టారు. అతను వంట చేస్తాడు, ఆ పిల్ల మిగతాదంతా చేస్తుంది. అక్క మంచం మీంచే ఫోను చేసి, “పొరుగువాళ్ళకి కనిపించి దణ్ణం పెట్టి రండమ్మా” అని చెప్పింది. వాళ్ళు బుద్ధిగా వెళ్ళారు. ఐదు పొట్లాలు పట్టుకుని, ఐదిళ్ళకి.

నవంబరు మూడోవారం వచ్చింది. ఊరంతా సీజను పనిలో పడింది. ఖాళీ కుర్చీలతో లిఫ్టులు తిప్పి చూస్తున్నారు. వాలు మీద గడ్డి కోస్తున్నారు, కిటికీలకి చెక్కలు బిగిస్తున్నారు, చెట్ల కొమ్మలు విరక్కుండా తాళ్ళతో పైకి కడుతున్నారు. నా కొట్లో మూడొందల జతల స్కీలు, కాలిన మైనం వాసన. ఆ వాసనంటే నాకు ప్రాణం. అలాంటి రోజున చిసా పరిగెత్తుకుంటూ వచ్చింది. బస తెరిచే రోజుకి పన్నెండుమంది వస్తున్నారట, స్కీలు కావాలి.

“బాబాయ్ గారూ, మీ ఊళ్ళో పండగ అలంకారం ఎంత బావుందో! మా వెనకాల కూడా ఎవరో కట్టారు. మా గెస్టులందరికీ ఫొటో పంపించాను” అని ఫోను చూపించింది.

చూసి నా చేతిలో మైనం పట్టే ఇస్త్రీపెట్టె ఆగిపోయింది. బస వెనక గోడకి రెండు బారల దూరంలో, సరిహద్దు పొడుగునా వెదురు కర్రలు పాతి ఉన్నాయి. వాటికి తాడు, తాడుకి జానెడుకొకటి ఎర్రగుడ్డ పీలిక. మా ఊళ్ళో ఐదేళ్ళ పిల్లకి కూడా దాని అర్థం తెలుసు. నీ మంచు ఈ గీత దాటడానికి వీల్లేదని.

“అమ్మా, అది అలంకారం కాదు” అన్నాను. సంగతి చెప్పేసరికి ఆ పిల్ల మొహం పాలిపోయింది. మంచు వెనక్కి పడకూడదంటే కప్పుకి అడ్డుపట్టీలు బిగించాలి, పడ్డప్పుడల్లా మనుషులు పైకెక్కి తవ్వాలి, లారీల్లో ఏటి ఒడ్డుకి తోలాలి. ఆ మనుషుల్నీ లారీల్నీ ఊళ్ళో వేసవిలోనే మాట్లాడుకోవడం అయిపోతుంది. ఈ చలికాలం బస తెరుచుకోదు. చిసా నా కొట్లోనే స్కీల మధ్య కూలబడి ఏడ్చింది.

పక్క కొట్లోంచి అక్క కర్ర టకటకలాడించుకుంటూ వచ్చింది. విషయం విని నెత్తి కొట్టుకుంది.

“తప్పు నాది. పొరుగువాళ్ళన్నాను గానీ వెనకింటి మాట నోట రాలేదు. మోకాలితోపాటు బుర్ర కూడా కోసేసినట్టున్నారు నాకు. ఒరేయ్ మోరియో, రేపు నువ్వూ రావాలి.”

“నేనెందుకు? ఆయన నన్ను చూస్తేనే మండిపడతాడు.”

“అందుకే. ఆ మంటేదో నీ మీద చూపించుకుంటే మా మీద కాస్త తగ్గుతుంది.”

ఆయనంటే కిహచి తాత, వెనక పొలం ఆసామీ. ఎనభై రెండేళ్ళు. ఊళ్ళో సగంమందికి స్కీ నేర్పిన మాస్టారు, నాతో సహా. బ్రహ్మచారి. ముల్లంగి, క్యాబేజీ పండించుకుంటూ ఒక్కడే ఉంటాడు.

మర్నాడు పొద్దున నలుగురం వెళ్ళాం. తాత వాకిట్లో వేడినీళ్ళ తొట్టి దగ్గర ఊరగాయకని ఆకుకూర కడుగుతున్నాడు. తల ఎత్తలేదు.

“ఎవరూ, మోరియోనా? నీకు మోకాళ్ళు వంచడం ఇప్పటికైనా వచ్చిందా?”

“లేదు మాస్టారూ.”

“నాకు తెలుసు.”

ర్యోహే, చిసా నేలకి తల ఆనేలా వంగారు. మిఠాయి పెట్టె ముందుపెట్టి, తెలియక చేశాం, క్షమించండి అన్నారు. తాత కట్ట తర్వాత కట్ట కడిగి ఆరేసి, చేతులు తుడుచుకుని, మమ్మల్ని లోపలికి రమ్మన్నాడు. బొంత కప్పిన పొట్టి బల్ల చుట్టూ కూర్చుని కాళ్ళు వెచ్చటి సెగలోకి దూర్చాం. ఆ వెచ్చదనానికి కూడా నాకు భయం తగ్గలేదు.

“మిఠాయి ఎటు పంచినా నాకు బాధ లేదు. నాకు పళ్ళే లేవు” అన్నాడు తాత. “ఒక్కటి చెప్పండి. మీ కప్పు మంచు నా పొలంలో మేడంత పోగవుతుంది. ఊరంతా ఆకులేసినా నా నేల ఇంకా తెల్లగానే ఉంటుంది. హరగుచి ఏప్రిల్లో వచ్చి కాల్చిన ఊక చల్లేవాడు, తొందరగా కరగాలని. మే నెలలో నాతోపాటు మట్టి తిరగేసేవాడు. మీలాంటివాళ్ళు మార్చి చివర్లో తాళం వేసి పోతారు. ఎంతమందిని చూడలేదు? మే నెలలో మీరుంటారా?”

అక్క బల్ల కింద ర్యోహేని కాలితో పొడవడం నాకు తెలిసింది, ఎందుకంటే ఆ పోటు నాకు తగిలింది. ఎప్పటికీ ఇక్కడే ఉంటామని చెప్పరా నాయనా అని ఆవిడ కళ్ళతోనే బతిమాలుతోంది.

ర్యోహే ఆవిడ వంక చూడకుండా తాత వైపు తిరిగాడు. “ఏప్రిల్లో ఉంటాం తాతగారూ. ఊక చల్లుతాను. మే సంగతి నాకు నిజంగా తెలీదు. గెస్టులు రాకపోతే ఒసాకాలో ఏదైనా హోటల్లో పనికి పోవాల్సి రావచ్చు. సెలవు పెట్టయినా వచ్చి తవ్వుతాననుకుంటున్నాను. కానీ మాటివ్వలేను.”

అక్క కళ్ళు మూసుకుంది. పని చెడిందనే నేనూ అనుకున్నాను.

“అతను రాకపోతే నేనొస్తాను మాస్టారూ, అమ్మింది నేను” అంది అక్క.

“కర్ర లేందే నిలబడలేవు, నువ్వు తవ్వుతావా?”

“మే నెలకల్లా కర్ర వదిలేస్తాను. మీరు ఎనభై రెండేళ్ళకి తవ్వడం లేదూ?”

తాత ముసిముసిగా నవ్వాడు. ఆ నవ్వు చూసి అక్కకి ధైర్యమొచ్చి సంచీలోంచి ఒక కాగితం తీసింది. రాత్రంతా కూర్చుని రాసిందట. ఎక్కడినుంచి ఎక్కడిదాకా మంచు పడొచ్చో, ఊక ఎవరు చల్లాలో, ఇల్లు మళ్ళీ చేతులు మారినా ఈ ఒప్పందం చెల్లుతుందని, కొలతలతో సహా అన్నీ ఉన్నాయి. ఇకముందు ఎవరికీ ఈ అవస్థ రాకూడదని ఆవిడ తపన. ముద్ర వేయడానికి ఎర్రసిరా డబ్బీ కూడా మూత తీసి ముందుపెట్టింది.

తాత కళ్ళజోడు పెట్టుకుని మొదటినుంచి చివరిదాకా చదివాడు. “బాగా రాశావు ఫుసాయే. ఎక్కడా వంక పెట్టడానికి లేదు” అన్నాడు. మడిచి తిరిగి ఆవిడ ముందుకి తోశాడు. “ఇది నాకొద్దు.”

చిసా మొగుడి చొక్కా పట్టుకుంది.

“హరగుచి నలభై ఒక్క ఏళ్ళు నా పొరుగున ఉన్నాడు” అన్నాడు తాత. “ప్రతి ఏడూ మొదటి మంచుకి ముందు ఒక సీసా పట్టుకుని వచ్చేవాడు. ‘కిహచీ, ఈ ఏడు మా కప్పు మంచు పడనిస్తావా’ అని అడిగేవాడు. కాదననని వాడికి తెలుసు. అయినా అడిగేవాడు. ఆ ఒక్క సాయంత్రం కోసం నేను ఏడాదంతా ఊరగాయ దాచేవాణ్ణి. ఈ నెలంతా దాచి పెట్టుకుని కూర్చున్నాను, ఎవడూ రాలేదు. నువ్వు కాగితం రాసిస్తే రేపట్నుంచి నా పొలంలోకి మంచు దానంతటదే వస్తుంది. మనిషి రావక్కర్లేదు.”

ప్రతిదీ కాగితం మీద పెట్టండని ముప్ఫై ఏళ్ళుగా జనానికి చెబుతున్న మనిషి, ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి సంచీలో వేసుకుంది. సిరా డబ్బీకి మూత పెట్టింది. “కాగితం రాస్తూ కూర్చోకుండా నిన్ననే మీ దగ్గరికి ఉత్తచేతుల్తో వచ్చుండాల్సింది మాస్టారూ” అంది.

ర్యోహే బొంతలోంచి కాళ్ళు తీసి, మోకాళ్ళ మీద సరిగ్గా కూర్చుని, నుదురు చాపకి ఆనించాడు.

“తాతగారూ, ఈ ఏడు మా కప్పు మంచు మీ పొలంలో పడనిస్తారా?”

తాత లేచి వెళ్ళి, ఊరగాయ కుండ మూత తీసి, గిన్నె నిండా పెట్టుకొచ్చి బల్ల మధ్యలో పెట్టాడు. ఐదు గ్లాసులు కడిగాడు.

“అంత తొందరేంటయ్యా” అన్నాడు. “ఆలోచించి చెప్తాను. ముందు తినండి.”