ఆయ్ అన్నంత మాత్రాన

నాకు ఆవిడంటే మొదటిరోజు నుంచీ కడుపుమంట. దాచుకోవడం దేనికి? అమలాపురం దగ్గర మా వృద్ధాశ్రమంలో మా గదికి రెండు మంచాలు. కిటికీ పక్కది ఆవిడది, తలుపు పక్కది నాది. ఇద్దరం డబ్బు కట్టలేని ఉచితం వాళ్ళమే. అయినా ఆవిడంటే అందరికీ ముద్దు. ఆయా వచ్చి ఆవిడ తల దువ్వి, "అమ్మమ్మగారూ, పూలు పెట్టమంటారా అండీ?" అని అడిగేది. నా దగ్గరికి వచ్చేసరికి, "ఏవండీ, కాళ్ళు తియ్యండి, తుడవాలి." పెళ్ళిళ్ళలో వంటచేసి ఊళ్ళకి ఊళ్ళు తినిపించినదాన్ని నేను. ఆవిడేమో సఖినేటిపల్లి రేవులో గోదావరి దాటించే పంటు దిగేవాళ్ళకి జామకాయలు అమ్ముకున్న మనిషి. రోడ్డు మీద ఆటోవాళ్ళు కూడా కిటికీలో ఆవిడని చూసి చెయ్యి ఊపేవారు. నేను గోడవైపు తిరిగి పడుకునేదాన్ని.

ఒకరోజు పొద్దున్న కాఫీలయ్యాక మేనేజరుగారు కాగితం పట్టుకుని వచ్చారు. ఆయనది వేరే జిల్లా, కొత్తగా వచ్చారు. వచ్చే నెల డబ్బు కట్టే ఆవిడ ఒకరు చేరుతున్నారట, మా ఇద్దరిలో ఒకరు వెనక హాల్లోకి మారాలట. ఆయన చూపు కిటికీ పక్క ఆవిడ మీద పడింది.

"మామ్మగారూ, మీరు వెనక హాల్లోకి మారండి. అక్కడ తోడు కూడా ఎక్కువ. సరేనా?"

"ఆయ్," అంది ఆవిడ.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మా కోనసీమలో ఆయ్ అంటే ఔనని అర్థం, నిజమే. కానీ పెద్దవాళ్ళు మాట్లాడుతుంటే వింటున్నానండీ అనడానికీ ఆయే. కాదనడానికి నోరు రానప్పుడూ ఆయే. ఏది ఏదో మాకు ముఖం చూస్తే తెలుస్తుంది. ఆవిడ ముఖం పాలిపోయింది. మేనేజరుగారు అది చూడలేదు. 'ఇష్టపూర్వకంగా ఒప్పుకున్నారు' అని రాసి, ఆవిడ వేలిముద్ర తీసుకుని, కాగితం నా వైపు తిప్పారు. సాక్షిగా సంతకం పెట్టాలట.

ఆ ముఖం నేను చూశాను. చూసి కూడా పెట్టాను. ఆ మధ్యాహ్నమే కిటికీ పక్కకి జరిగి హాయిగా కాళ్ళు చాపుకున్నాను.

ఆ హాయి ఎన్నాళ్ళో నిలవలేదు. ఆటోవాళ్ళు అలవాటుగా కిటికీవైపు చూసి, నన్ను చూసి, తల తిప్పేసుకునేవారు. ఆయా పూలు పట్టుకుని తిన్నగా వెనక హాల్లోకి వెళ్ళిపోయేది. మనిషి పక్కన లేకపోయినా నా మంట చల్లారలేదు, ఇంకా పెరిగింది. అక్కడేం వైభోగం వెలగబెడుతోందో చూద్దామని ఒకసారి వెళ్ళాను. మా గదికైతే బాత్‌రూము పక్కనే, వెనక హాలు నుంచి వెళ్ళాలంటే నాలుగు మెట్లు దిగి పెరడు దాటాలి. ఆవిడకి మోకాళ్ళు వంగవు. గ్లాసులో నీళ్ళు పోసినవి పోసినట్టే ఉన్నాయి.

"తాగట్లేదేంటండీ?" అన్నాను.

"తాగితే వెళ్ళాలి కదండీ వదినగారూ," అంది.

పెదాలు ఎండి పగిలిపోయి ఉన్నాయి. నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది.

తర్వాతి వారం వృద్ధుల సంక్షేమం చూసే ఆఫీసరమ్మ తనిఖీకి వచ్చారు. ఆఫీసరమ్మదీ ఈ వైపు కాదు. కాగితాలు తిరగేసి వెనక హాల్లోకి నడిచారు. వెనకాలే మేనేజరుగారు, తలుపు దగ్గర నేను.

"మామ్మగారూ, మీ ఇష్టంతోనే ఇక్కడికి మారారా?"

లేవలేక లేచి, చేతులు జోడించి, "ఆయ్," అంది.

ఆఫీసరమ్మ పెన్ను తీశారు. ఊరుకుంటే కిటికీ నాదే. ఆ ఎండిన పెదాలు చూడకపోయి ఉంటే ఊరుకునేదాన్నే.

"ఆవిడ ఔననలేదండీ," అన్నాను. "ఆయ్ అందండీ."

"రెండూ ఒకటే కదమ్మా?"

"కాదండీ. ఆవేళా ఇలాగే అంది. నేను తెలిసే సంతకం పెట్టేనండీ."

"తెలిసి ఎందుకు పెట్టారు?"

"ఆ కిటికీ పక్క మంచం మీద కన్నేసేనండీ."

సిగ్గుతో చచ్చిపోయాను. ఆఫీసరమ్మ ఆవిడ పక్కన కూర్చుని, డబ్బు కట్టినా కట్టకపోయినా కాదనే హక్కు ఉంటుందని నెమ్మదిగా చెప్పి, మళ్ళీ అడిగారు.

"మీకు ఇక్కడ ఉండాలని ఉందా, లేదా?"

ఆవిడ పెరటి మెట్లవైపు ఒకసారి చూసి, "లేదండీ," అంది. ఆవిడ నోట కాదనే మాట వినడం నాకు అదే మొదలు. ఆఫీసరమ్మ ఆ కాగితాన్ని అక్కడే కొట్టేశారు.

సాయంత్రానికి ఆవిడ సంచితో మా గదికి వచ్చింది. నేను నా దుప్పటి మడవడం మొదలుపెట్టాను.

"ఉండండి వదినగారూ. నాకు బాత్‌రూము దగ్గరుంటే చాలండీ. కిటికీ పక్కది మీరే ఉంచుకుంటారా?"

ఇవ్వడంలో కూడా ఆవిడదే పైచేయి. నా ఒళ్ళు మండింది. వద్దనడం మర్యాద. ఉంచుకోవాలని ఆశ.

"ఆయ్," అన్నాను.

ఆవిడ నా ముఖంలోకి ఒకసారి చూసింది. చూసి, తన సంచి తలుపు పక్క మంచం మీద పెట్టుకుంది.