కనకవ్వ జడలు

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది చలికాలంలో నన్ను సిద్దిపేట సర్కారు దవాఖానకు బదిలీ చేశారు. హోదా సివిల్ సర్జన్. పేరు గంభీరంగా ఉంటుంది గాని, పని మాత్రం హెర్నియాలు, గడ్డలు, చీము పట్టిన కాళ్లు. ఉద్యోగ విరమణ దగ్గరపడింది కాబట్టి అక్కడ నిమ్మళంగా రోజులు వెళ్లదీయవచ్చునని ఇంట్లోవాళ్లు అన్నారు. మా ఇంట్లోవాళ్లు ఎప్పుడూ ఓపీ చూసినవాళ్లు కారు.

రొమ్ములో గడ్డలతో వచ్చే ఆడవాళ్లను మా సర్జరీ విభాగమే చూసేది. ఎక్కువమంది ఆలస్యంగా వచ్చేవాళ్లు. ఎందుకు రాలేదని అడిగితే ఒకటే జవాబు, నొప్పి లేదు కదా అని. ఆ జవాబు వింటే నాకు ఒళ్లు మండేది. రొమ్ము కేన్సర్ గడ్డ మొదట్లో చాలామందికి నొప్పి పెట్టదు. గట్టిగా, కదలకుండా, చడీచప్పుడూ లేకుండా ఉంటుంది. నొప్పి వచ్చాక చూపించుకుందామనుకుంటే అప్పటికి అది తన పని తాను చేసుకుపోతుంది.

కనకవ్వ కూడా అలాగే వచ్చింది, కోహెడ దగ్గరి ఒక పల్లె నుంచి, భర్త రాజయ్యను వెంటబెట్టుకుని. రాజయ్య తాళ్లెక్కి కల్లు గీసే గౌడు. ఆమెకు యాభై దాటి ఉంటాయి. ఓపీ వరుసలో నాయకుల చుట్టాలకు కూడా దారి ఇవ్వని జనం ఆమెను చూసి పక్కకు జరిగారు. ఎందుకో లోపలికి వచ్చాక అర్థమైంది. ఆమె శివసత్తి, అంటే కొమురవెల్లి మల్లన్నకు తనను తాను ఇచ్చుకున్న మనిషి. దేవుడు పూనినప్పుడు శిగం ఊగి, అడిగినవాళ్లకు జవాబు చెబుతుంది. ఆమె జడలు ఊడల్లా అట్టలు కట్టి నడుము దాటి వేలాడుతున్నాయి. అవి మల్లన్న కట్టిన జడలని, దువ్వెన గాని కత్తెర గాని తగలకూడదని ఆమె నమ్మకం.

ఎడమ రొమ్ములో నిమ్మకాయంత గడ్డ చేతికి తగిలింది. చంకలో చిన్న కణుతులు కూడా ఉన్నాయి. ఇలాంటప్పుడు మేము మూడు పనులు చేస్తాం. చేత్తో చూస్తాం, మామోగ్రామ్, అల్ట్రాసౌండ్ తీయిస్తాం, లావుపాటి సూదితో చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుతాం. ఆ ముక్క తీయడాన్నే బయాప్సీ అంటారు. మూడూ ఒకే మాట చెబితేనే మేము నోరు తెరవాలి. సూది మాట ఎత్తగానే రాజయ్య బెదిరాడు.

"సూది గుచ్చితె గది ఒళ్లంత పాకుతదట గద మేడం?"

పాకదని, గుచ్చకుండా అదేమిటో తెలియక వదిలేస్తేనే పాకుతుందని చెప్పాను. ఈ మాట నేను సిద్దిపేటలో ఎంతమందికి చెప్పానో లెక్కలేదు. కనకవ్వ మాత్రం వెళ్లి బల్ల మీద పడుకుంది.

ముక్కను హైదరాబాదు పంపాం. కేన్సరేనని తేలింది. అంతటితో కథ అయిపోదు. కేన్సర్ అన్నీ ఒకటి కావు కాబట్టి ఆ ముక్క మీదే మరికొన్ని పరీక్షలు చేస్తారు. కొన్ని గడ్డలు ఒంట్లోని హార్మోన్లను తిని పెరుగుతాయి, వాటిని ఏళ్ల తరబడి మాత్రలతో అదుపులో పెట్టవచ్చు. కొన్నిటికి ఒక ప్రోటీన్ ఎక్కువగా ఉంటుంది, దానికి వేరే సూదులు ఉన్నాయి. కనకవ్వ గడ్డ ఈ రెండు రకాల్లో ఏదీ కాదు. హార్మోన్ల పరీక్షలు రెండు, ప్రోటీన్‌ది ఒకటి, మూడూ లేవని వస్తే దాన్ని ట్రిపుల్ నెగెటివ్ అంటారు. దానికి కీమో తప్పదు. స్కాన్లలో జబ్బు చంక దాటి పోలేదని తేలడం ఒక్కటే మంచి వార్త. హైదరాబాదులోని కేన్సర్ వైద్యులతో మాట్లాడి, ముందు కీమో, తరువాత ఆపరేషన్ అని నిర్ణయించాం. మందులు మా డే కేర్ వార్డులోనే ఎక్కించవచ్చు.

చెప్పవలసిన రోజు ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పాను. కేన్సర్ అన్న మాటను నేను ఎప్పుడూ మింగలేదు. కీమోతో గడ్డ చిన్నదైతే గడ్డ వరకే తీసి, తరువాత రేడియేషన్ ఇవ్వవచ్చునని, కాకపోతే రొమ్ము మొత్తం తీయవలసి వస్తుందని వివరించాను. చివర్లో, వెంట్రుకలు రాలిపోతాయి, మళ్లీ వస్తాయిలే అన్నాను. అప్పటిదాకా కదలకుండా విన్న మనిషి దిగ్గున లేచింది.

"రొమ్ము కోసెయ్యి డాక్టరమ్మా. రేపే కొయ్యి, కావాల్నంటె రెండూ కొయ్యి. పిల్లలు పెద్దగైన్రు, గవ్వి నాకేం జేస్తయ్? జడల జోలికి మాత్రం రాకు."

రొమ్ము తీయవద్దని నా కాళ్లు పట్టుకున్నవాళ్లను చూశాను గాని, ఇలా అడిగిన మనిషిని చూడలేదు. వెంట్రుకలు మొలుస్తాయని మళ్లీ అన్నాను, కొంచెం గట్టిగానే. "వెంట్రుకలు మొలుస్తయ్. జడలు మొలుస్తయా?" అంది. ముందే కోసి, కీమో ఇవ్వకుండా ఊరుకుంటే ఏమవుతుందని అడిగింది. గడ్డ పోతుంది, జబ్బు పోయిందని మాత్రం నేను చెప్పలేనన్నాను. అబద్ధం చెప్పి ధైర్యం ఇవ్వడం నాకు చేతకాదు.

మీ పెద్దవాళ్లను అడగమన్నాను. రాజయ్య అప్పటికే ఊళ్లో మల్లన్న పూజలు చేసే ఒగ్గు పూజారిని కదిలించి చూశాడట. ఆమెనే మేము అడుగుతాం, ఆమె సంగతి మేమెట్లా చెబుతామని ఆయన చేతులెత్తేశాడు.

"ఊరందరు నన్నడుగుతరు," అంది కనకవ్వ. "నేనెవర్నడగాలె?"

నా కోపం చప్పున దిగిపోయింది. మా ఇంట్లో ఎవరికి జ్వరం వచ్చినా అందరూ నా ముఖమే చూస్తారు. నాకు వస్తే నేనెవరి ముఖం చూడాలో నాకూ తెలియదు. ఆమె పక్కన కూర్చుని చెయ్యి పట్టుకున్నాను. తరువాత ఆమె ఒక ఆదివారం అడిగింది. కొమురవెల్లిలో జాతర రోజులు, వచ్చే ఆదివారం అక్కడికి పోయి వస్తానంది. కొద్ది రోజుల ఆలస్యంతో ముప్పేమీ లేదని, వారాలు జరిగితేనే ముప్పని చెప్పి, సోమవారం కీమోకు ఏర్పాటు చేశాను. వస్తానని గాని రానని గాని చెప్పకుండా వెళ్లిపోయింది.

ఆ సోమవారం రౌండు త్వరగా ముగించి డే కేర్ దగ్గరే తచ్చాడాను. రాదేమోనని భయపడ్డాను, దాచుకోవడం దేనికి. రాజయ్య కనిపించాడు. అతని వెనక నున్నటి గుండుకు పసుపు పూసుకుని నిలబడిన మనిషిని ముందు గుర్తుపట్టలేదు.

రాజయ్యే చెప్పాడు. "దేవుడు రాలె మేడం. చుట్టూత డప్పులు మోగుతున్నయ్, అందరికి శిగం వస్తుంది, ఈమెకు రాలె. పొద్దంత అట్లనే కూసున్నది. ఆఖరుకు ఈమెనే లేసి మంగలాయనను పిలిసింది." చెబుతూ చెబుతూ అతను ఏడ్చేశాడు.

కనకవ్వ ఏడవలేదు. "రోగం గుంజుకపోయేదాంక ఎందుకని నా చేత్తోని నేనే ఇచ్చిన," అంది. "ఇగ నీ మందుకు తీస్కపోను ఏం దొరకది. పెట్టు సూది."

నాకు ఏడుపొచ్చింది. సర్జన్లకు రాకూడదని ఎక్కడా రాసి లేదు. అయినా పని పనే కాబట్టి గుండు మీద కత్తిగాట్లు ఉన్నాయేమో చూశాను, రక్తపరీక్ష చేయించాను. కీమో మొదలయ్యాక చిన్న గాయం కూడా చీము పడుతుంది. జబ్బు ఎడమవైపు కనుక సూది కుడి చేతికి పెట్టించాను.

మందు ఎక్కుతుండగా పక్క కుర్చీలోని ఒకామె, తలకు రుమాలు కట్టుకున్న మనిషి, చాలాసేపటి నుంచి కనకవ్వనే చూస్తోంది. కొమురవెల్లిలో ఆమెను చూసి ఉంటుంది. "శివసత్తీ, జర నా నెత్తి మీద చెయ్యి పెట్టవా?" అని అడిగింది. కనకవ్వ తన గుండు తడుముకుని రాజయ్య వంక చూసింది. ఎడమ చేత్తో దీవించకూడదు కదా, సూది ఉన్న కుడి చేతినే మెల్లగా ఎత్తి ఆమె తల మీద పెట్టింది. గొట్టం లాగొద్దని నర్సు అరిచింది. నేను నర్సును ఊరుకోమన్నాను.

కీమో మొత్తం పూర్తి చేసుకుంది. గడ్డ బాగా తగ్గింది, రొమ్ము మొత్తం తీయవలసిన పని పడలేదు. రేడియేషన్ హైదరాబాదులో అయింది. ఈ రకం జబ్బు తిరగబెడితే మొదటి కొన్నేళ్లలోనే తిరగబెడుతుంది కాబట్టి, నేను ఉద్యోగం విరమించేనాటికి ఇంకా పరీక్షలకు వస్తూనే ఉంది. అప్పటికి బాగానే ఉంది. అంతకు మించి చెప్పడానికి నాకు అధికారం లేదు.

ఏ మందు ఇవ్వాలో, ఏది కోయాలో రిపోర్టులు చూసి మేము చెబుతాం. ఏది పోతే తట్టుకోలేదో ఆ మనిషే చెప్పాలి, అది అందరికీ ఒకటి కాదు. ఆ తరువాత పనిచేసినన్నాళ్లూ వెంట్రుకల మాట చివర్లో తేల్చేయలేదు. ముందే చెప్పి, వచ్చినామె నోరు తెరిచేదాకా ఆగేదాన్ని. చాలామంది వెంటనే సరేనన్నారు. కొందరు ఒక ఆదివారం అడిగారు. ఇచ్చాను.