పదవి పోయాక చూసిన వార్డు

తెల్లవారగానే కొంగు నడుమున దోపుకుని శరణమ్మ జహీరాబాద్‌లోని తన పాత వార్డు మీదికి బయలుదేరుతుంది. ఐదేళ్లు ఆమే అక్కడ కౌన్సిలర్. సంతకం ఆమెది, పెత్తనం భర్త బస్వరాజ్‌ది. గుమ్మంలో ఎవరైనా "కౌన్సిలర్ సాబ్" అని పిలిస్తే, ఆమె పక్కకు జరిగి ఆయనకు దారి ఇచ్చేది. పదవీకాలం ముగిసి మున్సిపాలిటీ అధికారుల చేతికి పోయాక బస్వరాజ్ తన అల్లం బేరం చూసుకుంటున్నాడు. ఇన్నాళ్లూ తాను దేనికి కౌన్సిలరో చూడాలన్న ఆరాటం ఆమెకు అప్పుడు పుట్టింది. పట్టపగలు వెలిగే వీధిదీపాన్ని నిలబడి కోప్పడుతుంది. నల్లా నీళ్లు దోసిట్లో పట్టి వాసన చూస్తుంది. మురుగునీటి మోరి ఎటు పోతుందో తెలియకపోతే దాని వెంటే నడుస్తుంది.

మొన్న వానకు మోరి పొంగి పక్క గల్లీ రోజా ఇంట్లోకి నీళ్లు వచ్చాయి. "పదవి పాయె, ఇంక నీకెందుకక్కా ఈ ఫికర్?" అంది రోజా.

"ఏడ అడ్డం పడ్డదో చూడొద్దా?" అంటూ శరణమ్మ కల్వర్టు కింద కర్రతో కెలికింది. పాత ఎన్నికల ఫ్లెక్సీ ఒకటి బయటికి వచ్చింది. దాని మీద బస్వరాజ్ నిలువెత్తున దండం పెడుతున్నాడు. మూలన తపాలాబిళ్లంత ఆమె. "ఓయమ్మా, మేమే అడ్డం పడ్డం!" అని పగలబడి నవ్వింది. ఆగిన నీళ్లు గలగలా కదిలాయి.

ఆమె ఇల్లు చేరేసరికి గుమ్మం ముందు ఎవరో నిలబడి, "కౌన్సిలర్ సాబ్ ఉన్నరా?" అని పిలుస్తున్నాడు.

"లేదు. మోరికాడికి పోయింది," లోపలి నుంచి బస్వరాజ్ గొంతు వినిపించింది.

వచ్చినాయన వెనక్కి తిరిగాడు. గేటు దగ్గర బురద కాళ్లతో నిలబడ్డ శరణమ్మ ఈసారి పక్కకు జరగలేదు.