డ్రమ్స్ సంగతి చప్పట్లు తేల్చాయి

నారాయణఖేడ్‌లో మా చర్చిలో నేను ఎలక్ట్రానిక్ డ్రమ్స్ వాయిస్తాను. ప్యాడ్ మీద కొడితే లాప్‌టాప్‌లోని సాఫ్ట్‌వేర్ అసలు డ్రమ్ములా మోగుతుంది. ఏ సాఫ్ట్‌వేర్ కొనాలో తేలక నెల రోజులుగా వీడియోలు చూస్తూ కూర్చున్నాను. ఈ రోజు సాయంత్రం పాటల ప్రాక్టీసులో, ట్రయల్‌కి దింపుకున్న రెండు సాఫ్ట్‌వేర్లనూ, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది, వినిపించాను. నా మనసు పెద్దదాని మీదే ఉంది. దాని మోతే వేరు.

ఆడవాళ్ల పాటలు ఎత్తుకునే సుగుణమ్మ పెద్దమ్మ కాసేపు విని, "గిట్ల కాదు బిడ్డా. మేం పాడుతం, నువ్వు కొట్టు" అంది.

పెద్దదానితో వాయిస్తే రెండో చరణానికే వాళ్లు తాళంగా కొట్టే చప్పట్లు చెదిరిపోయాయి. నా పాత లాప్‌టాప్ ఆ బరువు మోయలేక శబ్దాన్ని రవ్వంత ఆలస్యంగా ఇస్తోంది. ఒంటరిగా వాయించినన్నాళ్లూ నా చేతులే దానికి సర్దుకున్నాయి కాబోలు, నాకు తెలియలేదు. చిన్నదానితో వాయిస్తే పాట అయిపోయినా చప్పట్లు ఆగలేదు.

"ఇగ గిదే ఉంచు. గా పెద్దదాంతోని నువ్వొక దిక్కు, మేమొక దిక్కు పోతున్నం" అంది పెద్దమ్మ.

హాయిగా చిన్నదే కొనేశాను. కొనేముందు ఏమేం చూడాలో ప్రతి వీడియోలోనూ చెప్పారు. పెద్దమ్మను అడగమని మాత్రం ఒక్కరూ చెప్పలేదు. మీరు ఎవరిని అడిగి కొంటారు?